పదిహేడో మొక్క

ఆదిబాబు తెచ్చిన కవరు మీద సర్కారీ ముద్ర ఉంది. అతన్ని ఎప్పుడు తలుచుకున్నా నాకు ముందు ఆ ముద్రే కనిపిస్తుంది, మనిషి తరవాత వస్తాడు. అప్పటికి పన్నెండేళ్ళుగా తెలిసిన మనిషి, నా భార్య వరహాలుకి ఒక్కగానొక్క తమ్ముడు.

ఎనభై మూడు అక్టోబరులో, దసరా వెళ్ళిన నాలుగో రోజు, ఒక రేకుపెట్టెతో కార్ఖానా పేట బర్మామైన్స్‌లోని మా క్వార్టర్‌కి వచ్చాడు. రాంచీకి అవతల ఒక కూరగాయల పరిశోధన క్షేత్రంలో ఏడేళ్ళు రోజుకూలీ మీద పనిచేశాడు. ఇప్పుడు ఆ పని లేదు. ఎందుకు లేదో చెప్పకుండానే కాళ్ళు కడుక్కుని, అప్ప వరహాలు పెట్టిన అన్నం తిని, పెరట్లోకి వెళ్ళి మట్టి పిసికి చూశాడు.

"ఈ పెరడు ఒక్క పంటకాలం ఇయ్యి బావా. మార్చి నెలాఖరికి ఖాళీ సేసెత్తాను."

"పెరడు కంపెనీది. నాది కాదు," అన్నాను.

"కంపెనీ టమాటాలు తింటాదేటి?" అని వరహాలు నవ్వింది. అతనూ నవ్వాడు. ఇద్దరి నవ్వూ ఒకటే. ఒక ఇంట్లో పెరిగినవాళ్ళు నవ్వినప్పుడు మూడోవాడికి ఎక్కడ నిలబడాలో తెలియదు.

రేకుపెట్టెలోంచి బట్టలకంటే ముందు కవరు బయటికి తీశాడు. దాన్ని ఎత్తి వెలుతురులో చూశాను.

"ఏటివి?"

"ఇత్తనాలు. జంగ్లీ టమాటాని మన టమాటాతో కలిపినవి."

"మరి ఈ ముద్రేటి?"

"ఆఫీసు కవరు కదా బావా. మా డాక్టరుగారిని బదిలీ సేసేరు. ఆ పని మూసేసేరు. ఇవి పారెయ్యమన్నారు. పారెయ్యలేక తెచ్చుకున్నాను."

"పారెయ్యమన్న కాయితం ఉన్నాదా?"

అతను నా మొహంలోకి చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పారెయ్యడానికి కాయితం ఎవుడిత్తాడు బావా!"

ఆ ఆశ్చర్యం నిజమైనదనే అనిపించింది. అలా అనిపించినందుకే నేను మరింత జాగ్రత్తపడ్డాను.

నా ఉద్యోగం ఇన్‌స్పెక్షన్‌లో. ఇరుసులు వరసగా పడుకోబెట్టి ఉంటాయి. దీపం పట్టుకుని, భూతద్దంతో, ఎక్కడైనా వెంట్రుకవాసి పగులుందేమో చూడటం నా పని. పగులు లేదని రాయాలన్నా పగులు కోసమే వెతకాలి. పదకొండేళ్ళు అలా చూసిన కళ్ళు గేటు దాటి బయటికి రాగానే మారవు. బస్సులో ఎదుటివాడి చొక్కా గుండీ, భార్య మాటలో ఒక చిన్న ఆలస్యం, అన్నిటి మీదా అదే దీపం పడుతుంది. అది తెలివి అని అప్పట్లో అనుకునేవాణ్ణి.

డాక్టరుగారు రాసిన ఉత్తరం కూడా నాకు చూపించాడు. ఆయన ఇప్పుడు దక్షిణాన ఎక్కడో ఉన్నారు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. పురుగుల రోజులన్నీ మందు కొట్టకుండా నిలబడి, ఒక్క కాయకి కూడా పురుగు తగలని మొక్క ఒక్కటి దొరికితే, దాని విత్తనం పంపితే, తన దగ్గర పర్మనెంటు పని కోసం ప్రయత్నిస్తానని రాశారు.

"ఇప్పిత్తానని నేదు. ప్రయత్నిత్తానని ఉన్నాది," అన్నాను.

"ఆయన అన్నారంటే అయిపోయినట్టే బావా," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొక్కల సంగతి వరహాలుకి అతను చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. ఆ అడవి టమాటాకి ఉసిరికాయంత కాయ కాస్తుందట. ఎన్నాళ్ళున్నా పచ్చగానే ఉంటుంది, ఎర్రబడదు. నోట్లో పెట్టుకుంటే చేదు. కానీ ఆకు నిండా, కాడ నిండా జిగురు నూగు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు ఆ నూగులో అడుగుపెడితే రెండో అడుగు వెయ్యలేదు. దాని పుప్పొడి మన టమాటా పువ్వుకి పెట్టారు. పుట్టిన మొక్కని మళ్ళీ మన టమాటాతో కలిపారు. మళ్ళీ కలిపారు.

"ఆకు జంగ్లీది రావాల అప్పా, కాయ మనది రావాల. నలభైలో ఒక్కదానికి అలగ వచ్చినా సాలు."

"రాకపోతే?"

"రాకపోతే నాను ఏడేళ్ళు మట్టి తవ్వినోణ్ణి. అంతే."

*

పెరట్లో నలభై మొక్కలు పట్టాయి. ఒక్కొక్కదానికి రేకుముక్క మీద అంకె కొట్టి కట్టాడు. డిసెంబరు వచ్చేసరికి పూత మొదలైంది.

ఆ నెలలో నాకు రెండు వారాలు సి-షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, పడింది. ఉదయం ఆరున్నరకి ఇంటికి వచ్చేసరికి మంచులో అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒక మొక్క ముందు తల ఆనించుకుని కూర్చుని ఉండేవారు. ఇంకా విచ్చని మొగ్గని ఆదిబాబు రెండు వేళ్ళతో పట్టుకుంటే, వరహాలు సన్నటి పట్టకారుతో రేకులు విప్పి లోపలి పుప్పొడి తిత్తిని మొత్తం లాగేసేది. తరవాత మన టమాటా పువ్వుని గోరు మీద దులిపి, ఆ పొడిని మొగ్గ నడిమి కొనకి అద్దేది. కాడకి ఎర్రదారం కట్టేది. నచ్చిన మొక్కలకి అలా చేసి ఉంచితే వచ్చే ఏటికి విత్తనం సిద్ధంగా ఉంటుందట.

నేను గుమ్మంలోకి రాగానే మాటలు ఆగేవి. ఆగేవా, లేక నేను వచ్చే వేళకి అయిపోయేవా? ఎన్నిసార్లు ఆగాయో మనసులో గుర్తుపెట్టుకున్నాను. మంగళవారం ఆగాయి. బుధవారం ఆగలేదు. గురువారం ఆగి, "టీ పెట్టమంటావేటి?" అని వినిపించింది.

ఆమె వేళ్ళు ఆకుపచ్చగా, కొసల్లో నల్లగా అయిపోయాయి. సబ్బు రాస్తే ఆ నలుపు పసుపుగా మారేదిగానీ పోయేది కాదు. ఒకరోజు కంచంలో అన్నం పెడుతుంటే ఆ వేళ్ళనే చూశాను.

"ఏటలా సూత్తన్నావు?" అంది.

"ఏం నేదు."

"సేతులు కడిగేనులే."

కడిగింది. అది నాకు తెలుసు. నేను చూస్తున్నది మురికిని కాదు. పన్నెండేళ్ళుగా నా ఇంట్లో ఉన్న మనిషి చేతులకి అంత నేర్పు ఉందని నాకెవరూ చెప్పలేదు. నాకు తెలియనిది ఒకటి బయటపడితే ఇంకా ఎన్ని ఉన్నాయో అనే లెక్క మొదలవుతుంది. అసూయని అసూయ అని పిలవలేనివాడు దానికి ఇన్‌స్పెక్షన్ అని పేరు పెట్టుకుంటాడు.

*

రథసప్తమికి చలి విరిగింది. పురుగులు వచ్చాయి. పక్క క్వార్టర్ నూకమ్మ పెరట్లో అయిదారు టమాటా మొక్కలుంటే, ఒక్క కాయ కూడా కూరకి పనికిరాలేదు. ప్రతి కాయకీ గుండ్రంగా ఒక బెజ్జం, లోపల వేలెడంత పచ్చ పురుగు.

మా పెరట్లో ఆదిబాబు ఉదయం లేస్తూనే మొక్క మొక్కకీ మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి కాయా తిప్పి చూసేవాడు. ఒక్క బెజ్జం కనిపించినా ఆ మొక్కని మొదలంటా పీకేసేవాడు. ఇరవై మంచి కాయలున్నా సరే. మొదటిరోజు వరహాలు గోల పెట్టింది.

"ఓలమ్మ, ఆ కాయలైనా కోసుకోనీరా!"

"కోసుకో అప్పా. ఇత్తనం మాత్రం తియ్యకూడదు. తగిలిందంటే తగిలినట్టే. జాలి పడితే పదేళ్ళ పని పోతాదని డాక్టరుగారు అనేవోరు."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చకుండా ఉండాల్సింది అనిపించేంతగా నచ్చింది. మా ఫ్యాక్టరీ షాపులో కూడా అలా ఉండేవాళ్ళు తక్కువ.

నలభై పదకొండయ్యాయి. పదకొండు నాలుగయ్యాయి. మార్చి మొదటి వారానికి గోడ పక్కన పదిహేడో నంబరు ఒక్కటే నిలబడింది. ఆకు నిండా నూగు, కాయ నున్నగా, మన కాయంత. చలికి ఆలస్యంగా కాసింది, కాయలింకా పచ్చివి. మరో పదిహేను రోజులాగితే పండుతాయి, విత్తనం వస్తుంది. ఆదిబాబు తినడం తగ్గించాడు. స్టేషన్‌కి వెళ్ళి దక్షిణాది బళ్ళ వేళలు కనుక్కుని వచ్చాడు.

ఆ వారంలోనే కొళాయి దగ్గర నూకమ్మ నన్ను ఆపింది.

"తమ్ముడూ, మీ బామ్మరిది ఏటో మందు కొడతన్నాడు. మాకూ కొంచెం ఇమ్మని సెప్పరాదూ?"

"మందా?"

"సీసా పట్టుకుని కొడతాడు కదా, నువ్వు డూటీకెళ్ళినాక. మూతకి బెజ్జాలెట్టి. నాను గోడ మీంచి సూత్తాను కదా! అడిగితే నీళ్ళు పిన్నీ అంటాడు. నీళ్ళకి పురుగులు సత్తాయేటి? నవ్వుతాలకి అంటాడు."

నేను తిన్నగా వచ్చి పదిహేడో మొక్క ఆకు నలిపి వాసన చూశాను. టమాటా వాసన కాదు. కిరసనాయిలు లాంటి ఘాటు. నాకు ఒళ్ళు తేలికపడింది. అయిదు నెలలుగా వెతుకుతున్న పగులు దొరికినప్పటి తేలిక అది. సంతోషం అని ఒప్పుకోవడానికి ఇప్పటికీ కష్టంగా ఉంది.

అతన్ని అడగవచ్చు. సీసా ఎత్తి వాసన చూడవచ్చు. రెండూ చెయ్యలేదు. అడిగితే జవాబు చెబుతాడు, ఆ జవాబుని నేను నమ్మాల్సి రావచ్చు.

నా వీక్లీ ఆఫ్ రోజు మధ్యాహ్నం మూడింటికి, ఆదిబాబు మాంగో అనే పేటలోని బజారుకి వెళ్ళాడు. వరహాలు ముందుగదిలో పడుకుని ఉంది. నూకమ్మ పారేసిన కాయల్లోంచి మూడు పురుగులు ఏరి అగ్గిపెట్టెలో వేసుకుని వచ్చాను. మందు కొట్టిన మొక్కయితే అవి చస్తాయి, అతను దొంగని తేలుతుంది. చావకపోతే ఆ మొక్కలో గొప్పేమీ లేదని తేలుతుంది, అప్పుడూ అతను దొంగే. నా పరీక్షలో అతను నెగ్గే దారి ఒక్కటీ లేదని ఆ క్షణంలో నాకు తోచలేదు. తోచినా ఆగేవాణ్ణని చెప్పలేను.

పురుగుల్ని ఆకు మీద పెడితే, ముదురువి కావడంతో నూగుకి అంటుకోకుండా ముడుచుకుని జారిపోయాయి. అప్పుడు ఒక్కొక్కదాన్నీ కాయకి, తొడిమ పక్కన, వేలితో అదిమిపెట్టి ఉంచాను. ఒకటి కిందపడింది. ఒకటి కదల్లేదు. మూడోది కొంతసేపు తల ఆడించి, తరవాత నెమ్మదిగా లోపలికి తొలుచుకోవడం మొదలుపెట్టింది. అది సగం దూరేదాకా చూసి లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నాను. నీళ్ళు పసుపుపచ్చగా కారాయి.

*

మూడోరోజు ఉదయం నేను ఎ-షిఫ్టుకి బయల్దేరుతుంటే పెరట్లోంచి పిలుపు వచ్చింది. కేక కాదు. మామూలుగా, "అప్పా, ఓసారి రా," అన్నాడు.

నేనూ వెళ్ళాను.

ఆదిబాబు నేల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కాయ లేదు. కాయని మొక్కకే ఉంచి, కింద అరచెయ్యి పెట్టి పట్టుకున్నాడు. బెజ్జం గుండ్రంగా, శుభ్రంగా ఉంది.

"ఇంత పెద్ద పురుగు ఏకంగా ఎక్కణ్ణించొచ్చింది?" అని తనలో తను అనుకున్నాడు. "పిల్లప్పుడు ఆకు గీకాల. గీకిన జాడ ఎక్కడా నేదు. పిల్ల పురుగు అంటుకు సత్తాది కదా. ముదురు పురుగు పక్క సెట్టు మీంచి నడిసొచ్చిందా అంటే గోడ ఉంది..."

ఆకులన్నీ మళ్ళీ తిప్పాడు. కాడలు చూశాడు. అతని వెతుకులాట చూస్తూ నిలబడ్డాను. అతను నాకంటే మంచి ఇన్‌స్పెక్టరు. ఇంకొంచెం వెతికితే నా వేలిముద్ర దగ్గరికి వస్తాడు. వస్తే బాగుండునని ఒక పక్కన అనిపించింది.

వరహాలు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కాయని చూడటం లేదు.

"ఉంచుదామా బావా?" అన్నాడు ఆదిబాబు తలెత్తి. "ఒక్క కాయే. ఇదేటో తేడాగా ఉంది. ఉంచితే డాక్టరుగారికి తెలవదు కూడాను. నువ్వు ఇన్‌స్పెక్షన్ మనిషివి కదా, నువ్వు సెప్పు. ఇలాటిది వత్తే మీరేటి సేత్తారు?"

చెయ్యి కాయ కిందే ఉంది. షిఫ్టు సైరను మోగింది. నాకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

"రూలు రూలే కదా," అన్నాను.

"అంతే బావా," అని తలూపాడు. నేను అన్నమాట అతనికి ధైర్యం ఇచ్చినట్టే కనిపించింది. మొదలు పట్టుకుని కుదుపుతో లాగాడు. వేళ్ళు చాలా లోతుకి వెళ్ళి ఉన్నాయి. రెండోసారి లాగాల్సి వచ్చింది. ఎర్రదారాలు కట్టిన గుత్తులు కూడా దానితోనే వచ్చాయి. పచ్చికాయలు, లోపల విత్తనం ముదరలేదు.

సైకిలెక్కి డ్యూటీకి వెళ్ళిపోయాను. ఆ రోజు నలభై రెండు ఇరుసులు చూశాను. అన్నిటినీ పాస్ చేశాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెరడు తుడిచి ఉంది. ఆదిబాబు ఆదిత్యపూర్ వెళ్ళాడు, ఎవరో తెలిసినవాళ్ళ లేత్ షాపులో పని అడగడానికి. వరహాలు బియ్యం ఏరుతోంది. నేను చొక్కా విప్పుతుంటే, తల ఎత్తకుండా అంది.

"ఆ సీసాలోవి నీళ్ళే."

చొక్కా మేకుకి తగిలించాను.

"మన బర్మామైన్స్ మసి ఆకు నూగుకి పట్టేత్తంది. పడితే పురుగు అంటుకోదంట. అందుకు రోజూ కడిగేవోడు. నానే మోసి ఇచ్చేదాన్ని. ఆ ఘాటు ఆకుది. సేతులకి ఎన్నాళ్ళున్నాదో నువ్వు సూసేవు కదా."

"నాకెవరూ సెప్పలేదు."

"నువ్వడిగేవా?"

చాట పక్కన పెట్టింది. బియ్యంలో ఏరిన రాళ్ళని గుప్పిట్లోకి తీసుకుంది.

"ఆ మధ్యాన్నం నాను నిద్దరోనేదు. కిటికీలోంచి సూసేను. ఏటి సేత్తన్నావో అప్పుడు తెలీనేదు. ఇయ్యాల ఆడు పిలిసినప్పుడు తెలిసింది."

"మరి సెప్పలేదేం?" అని అడిగాను. నా గొంతులో అధికారం వినిపించి నాకే అసహ్యం వేసింది.

"నువ్వు సెప్తావని సూసేను. ఆడు నిన్నే అడిగేడు కదా. నాను సెప్పితే ఆడు ఈ గుమ్మం మళ్ళీ తొక్కుతాడా? నాను ఈ గుమ్మంలో ఉంటానా? ఒక మొక్క కోసం అనుకున్నాను. తప్పే అనుకున్నానేమో."

లేచి వెళ్ళి రాళ్ళు పెరట్లో పారేసింది.

*

ఉగాది తరవాత ఒక ఆదివారం ఆదిబాబు భోజనానికి వచ్చాడు. లేత్ షాపులో కుదిరాడు. చేతులకి మట్టికి బదులు నూనె. డాక్టరుగారికి ఏమీ మిగల్లేదని కార్డు రాశానని చెప్పాడు. ఫిర్యాదులాగా కాదు, బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పాడు.

"ఒక్కటే అర్థం కాలేదు బావా," అన్నాడు అన్నం కలుపుతూ. "ఆ పెద్ద పురుగు. ఇప్పటికీ రోజూ అనుకుంటాను. ఏడేళ్ళలో అలాటిది సూడలేదు. ఆకు బాగుంది, నూగు బాగుంది. మరి నాకు తెలవనిది ఏదో ఉన్నట్టే కదా. అయితే నా ఏడేళ్ళూ తప్పే."

వరహాలు గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నా వంక చూడలేదు. చూడకపోవడంలోనే ఎంత ఎదురుచూపు ఉందో నాకు తెలిసింది.

"నేనే పెట్టాను," అన్నాను.

"ఏటి?"

"పురుగుని. నూకమ్మగారి కాయల్లోంచి తెచ్చి, కాయకి అదిమిపెట్టాను. నువ్వు మందు కొడతన్నావని అనుమానపడ్డాను. నీ మొక్క మంచిదే ఆదీ. నిలబడింది."

అతను నమలడం ఆపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎడమచేత్తో నా మోకాలు పట్టుకున్నాడు.

"నా మొక్క మంచిదని సెప్పడానికి నువ్వు దొంగవయిపోతావేటి బావా?" అన్నాడు. "ఛోడో, వదిలెయ్యి. అయిపోయింది కదా. నా మీద నీకు ఇంత పేమ ఉందని నాకు తెలీదు."

"కాదు ఆదీ, నిజంగానే..."

"నీలాటి రూలు మనిషి అలాటి పని సేత్తాడంటే ఎవుడు నమ్ముతాడు? సూడప్పా, బావ ఎలాటి మాటంటన్నాడో!"

నేను వరహాలు వంక చూశాను. జీవితంలో మొదటిసారి నా మాటకి ఒక సాక్షి కావాల్సి వచ్చింది. ఆమె ఒక్క మాట అంటే చాలు. చూశానని అంటే చాలు. అతని ఏడేళ్ళు అతనికి తిరిగి వస్తాయి. అతని లెక్కలో నేను పోతాను. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. దీపం నా చేతిలో ఉన్నప్పుడు నేను అలాగే చూసేవాణ్ణి.

"మజ్జిగ ఏసుకోరా," అంది తమ్ముడితో.

అతను వేసుకున్నాడు. మొక్కల మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె ఎవరిని కాపాడిందో, ఎవరికి శిక్ష వేసిందో నేనూ అడగలేదు. అడిగితే జవాబు చెబుతుంది.